గోడ మీద బొగ్గు గీతలు

నిన్ననే రంగేసిన ప్రహరీ గోడ మీద ఎవడో ముసలివాడు బొగ్గుతో గీతలు గీస్తున్నాడు.

అనంతరామ్‌కు ఒళ్లు మండింది.

"ఏయ్, ఏంది ఆ పని?"

ముసలివాడు తిరిగి చూశాడు. మాసిన పంచె, భుజం మీద తెల్ల తువ్వాల, చేతిలో బొగ్గు పెళ్ల.

"నీళ్ల లైను సారు. మీ గేటు ముందట గిట్ల ఒంపు తిరుగుతది. వాల్వు గీడ, మట్టి కింద ఉంటది. మీరు కొత్తగ నీళ్ల పని పెడుతున్నరని విన్న."

"నిన్నెవరు పిలిచిండ్రు?"

"ఎవలు పిలువలే. మీ పేరేంది సారు?"

"అనంతరామ్. అయితే ఏంది?"

నీళ్ల పని మాట నిజమే. భార్య విశాలాక్షమ్మకు మోకాళ్ల ఆపరేషన్ ఖాయమైంది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె పొయ్యి మీద నీళ్లు కాచి మోసే బాధ ఉండకూడదు. మేడ మీద సోలార్ హీటర్, మూడు కుళాయిలకు వేడినీళ్లు, వీధి లైను నుంచి పెద్ద కనెక్షన్.

మంథనిలో ప్రిన్సిపాల్‌గా రిటైరై, సెంటినరీ కాలనీ పక్కన ఇల్లు కట్టుకున్న మనిషి అనంతరామ్. కరీంనగర్ ఇంజనీరుతో రంగుల ప్లాను గీయించి, లామినేషన్ చేయించి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించేవాడు. ముసలివాడికీ చూపించాడు.

"దీన్ని ప్లాను అంటరు. నీ బొగ్గు గీతలను కాదు."

ముసలివాడు దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇందుల మట్టి కింది లైను లేదు సారు." ప్లాను తిరిగిస్తూ, "ఇంతకు మీ పేరేంది?" అన్నాడు.

"పొద్దుగాలనే తాగొచ్చినవా? తుడువు. నీ తువ్వాలతోనే తుడువు."

"జెర కాగితం మీదనన్న రాసుకోండి సారు."

"తుడువుమన్న."

తుడిచాడు. తువ్వాల నల్లబడింది. మిగిలిన మరకలను అనంతరామ్ వేలితో చూపించి మరీ తుడిపించాడు.

ఆ తర్వాత నెల రోజులు "గోడల ఇంజనీరు" ముచ్చట చెప్పి నవ్వని రోజు లేదు.

ఆపరేషన్ అయిన విశాలాక్షమ్మ దవాఖాన నుంచి ఇంటికి రావడానికి ఇంకా రెండు రోజులున్నాయి. ప్లంబర్ సంపత్ ప్లాను చూసి గేటు ముందు తవ్వాడు. లైను దొరకలేదు. పక్కకు జరిగి గడ్డపార వేశాడు.

పాత పైపు పగిలింది. నీళ్లు గుంట నిండి వీధిలోకి పారాయి. గల్లీలో కుళాయిలన్నీ ఆగిపోయాయి.

"జల్ది వాల్వు బంద్ చెయ్యాలె సార్. ఏడుంది?"

ప్లానులో వాల్వు లేదు.

బిందె పట్టుకుని వచ్చిన పక్కింటి సారలమ్మ తన గోడ చూపించింది. బొగ్గు గీతలు, పక్కన అడుగుల లెక్కలు. చెరిగిపోకుండా పైన పాలిథిన్ కవరు కట్టుకుంది. ఆ గీత సాగి సాగి అనంతరామ్ గోడ దగ్గర తెగిపోయింది.

"ముత్యం కాక గీసిండు సార్. బొగ్గు బాయిల పంపుల మీద పనిచేసినోడు. డ్యూటీ దిగినంక ఈ గల్లీ పైపులన్నీ ఆయనే వేసిండు. వాల్వు మీ గోడ మీద గీస్తనన్నడు గద?"

అనంతరామ్ చెప్పుల్లో కాళ్లు పెట్టుకోకుండానే ముత్యం ఇంటికి ఉరికాడు.

ముత్యం మంచం మీద కూర్చుని ఉన్నాడు. దండెం మీద తువ్వాల ఆరేసి ఉంది. ఎంత ఉతికినా నలుపు పోలేదు.

"ముత్యమన్నా, తప్పయింది. ఆ వాల్వు ఎక్కడుందో ఒక్కసారి చెప్పు."

ముత్యం అతన్ని చూసి మర్యాదగా నవ్వాడు.

"మీ పేరేంది సారు?"

"మతిమరుపు బీమారి అని డాక్టర్ చెప్పినంక, లైన్లు మర్చిపోకముందే ఎవలింటి కాడ వాళ్లకు గీసిస్తనని ఇల్లిల్లు తిరిగిండు సార్," అంది మంచం పక్కన నిలబడ్డ ముత్యం కోడలు తిరుమల, "మీ ఇంటికి పోయొచ్చిన కాన్నుంచి మల్ల బొగ్గు ముట్టలే."