సాటి లాయరు మాట

లిఫ్టు తలుపులు మూసుకోబోతుంటే మార్లా పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

లోపల గేథర్ ఒక్కడే ఉన్నాడు.

ఆమెను చూడగానే ఆ ముసలి లాయరు ఫైళ్ళు చంకన పెట్టుకుని బయటికొచ్చేశాడు. మోకాలి నొప్పితో కుంటుతూ మెట్లెక్కసాగాడు.

"చూశావా? నాకేమైనా అంటురోగమా?" అంది మార్లా, అక్కడున్న కోర్టు గార్డుతో.

"ఆయనంతే మేడమ్. పక్క కౌంటీ మనిషి. పట్టించుకోకండి."

కానీ మార్లా పట్టించుకుంది. ఇది మొదటిసారి కాదు.

మార్లా హెంఫిల్ పశ్చిమ టెక్సాస్‌లోని ఆ చిన్న ఊళ్ళో క్రిమినల్ కేసులు వాదిస్తుంది. వాటిలో ఆరితేరిన లాయరని రాష్ట్ర లాయర్ల బోర్డు చేత గుర్తింపు పొందాలని ఆమె పట్టుదల. దానికి పరీక్ష పాసైతే చాలదు. ఆమె పనితనం చూసిన సాటి లాయర్లు, జడ్జీలు కూడా సరేననాలి.

ఆ వారమే బోర్డు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"పరీక్షలో మంచి మార్కులొచ్చాయండీ. సాటి లాయర్ల అభిప్రాయం దగ్గరే ఆగిపోయింది."

"ఎవరు వద్దన్నారు?"

"అది చెప్పకూడదు."

"ఎందుకు వద్దన్నారు?"

"అదీ చెప్పకూడదు."

"మరి నేనేం దిద్దుకోను?"

"వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించండి" అంది అవతలి మనిషి.

మర్నాడు వాండా వచ్చింది. ఆమె కొడుకు దోపిడీ కేసులో జైల్లో ఉన్నాడు. దోపిడీ జరిగినప్పుడు కుర్రాడు ఆ చుట్టుపక్కల కూడా లేడని మార్లాకు నమ్మకం. సాక్షుల కోసం ఊరంతా తిరుగుతోంది.

"ఏమీ అనుకోకమ్మా. బోర్డు గుర్తింపున్న లాయరునే పెట్టుకోమని మా తమ్ముడు పట్టుబట్టాడు. డల్లాస్‌లో ఒకాయన్ని మాట్లాడుకున్నాం."

"నా మీద నమ్మకం లేదా వాండా?"

"నాకుందమ్మా. కానీ రేపు ఏదైనా అయితే, 'గుర్తింపు లేనిదాన్ని పెట్టావు' అని అందరూ నన్నే కదా అంటారు?"

డల్లాస్ లాయరు ఒక్కసారే జైలుకొచ్చాడు. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందన్నాడు. కుర్రాడు భయపడి ఒప్పుకున్నాడు.

అది విన్న రోజే కోర్టు గుమాస్తా మార్లా చెవిలో ఓ మాట వేసింది. "నీ గురించి బోర్డువాళ్ళు గేథర్‌ని కూడా అడిగారట."

మార్లాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా కోర్టు ఎదురుగా ఉన్న హోటల్‌కి వెళ్ళింది. గేథర్ మూల బల్ల దగ్గర కూర్చుని పెకాన్ పై అనే తీపి వంటకం తింటున్నాడు.

"గేథర్ గారూ, బోర్డుకి నా గురించి ఏం చెప్పారు?"

ఆయన తలెత్తలేదు. "చూసింది చెప్పాను."

"ఎక్కడ చూశారు? మీరూ నేనూ ఎదురెదురుగా ఒక్క కేసైనా వాదించామా?"

"చూశానమ్మా."

"మీ మాట పుణ్యమా అని ఒక పిల్లాడు జైల్లో కుళ్ళుతున్నాడు. వాడికీ తల్లి ఉంది!"

ఆయన ఫోర్కు కింద పెట్టాడు. "ఎవరి పిల్లాడైనా..." అని ఆగిపోయాడు.

"లిఫ్టులో పక్కన నిలబడే ధైర్యం లేదు. చాటుగా చెప్పే ధైర్యం మాత్రం ఉంది!"

హోటలంతా ఇటే చూసింది. గేథర్ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

"పాపం, తెచ్చినదాంట్లో సగం కూడా తినలేదు" అంది వడ్డించే అమ్మాయి.

"ఆయన పాపం కాదు, నా పాపం" అంది మార్లా.

మరుసటి ఏడాది గుర్తింపు వచ్చింది. పట్టాలిచ్చే సభలో బోర్డు కమిటీ సభ్యుడు రస్క్ ఆమెను పక్కకు పిలిచాడు.

"ఇది చెప్పకూడదు. కానీ గేథరే చనిపోయాక దాచి ఏం లాభం? పోయినేడు కొందరు అడ్డుపడ్డారు. నీ పక్షాన గట్టిగా నిలబడింది గేథర్ ఒక్కడే. ఈసారి జబ్బుతో ఉండి కూడా స్వయంగా వచ్చాడు. 'నా కొడుకే బోనులో నిలబడితే ఈమెనే పెట్టుకుంటాను' అన్నాడు. ఆ మాటతో అందరూ ఒప్పుకున్నారు."

మార్లాకు పట్టా చేతిలో బరువెక్కింది.

ఆ ఆదివారం చికెన్ వంటకం చేసుకుని గేథర్ ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య ఇవా తలుపు తీసింది. పేరు చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. గిన్నె మాత్రం అందుకుంది.

"ఆయన నాకు చేసిన మేలు ఇప్పుడే తెలిసిందండీ. నేనంటే పడదనుకున్నాను."

"పడేది కాదు" అంది ఇవా. "నీ ముఖం చూస్తే ఊపిరాడదనేవాడు."

"మరి బోర్డు దగ్గర..."

"నేనూ అదే అడిగాను. కోపంతో కొన్నాళ్ళు మాటలు మానేశాను. 'పోలీసులు కేసు చెడగొట్టారు, ఆ పిల్ల అది పట్టుకుంది. తన పని తను చేసింది. నా కడుపు మండిందని అబద్ధం చెప్పనా ఇవా?' అన్నాడు."

"ఏ కేసండీ?"

"టీగ్ కేసు. విచారణ జరిగినన్నాళ్ళూ ఆయన వెనక వరసలో కూర్చున్నాడు. నేను రాలేకపోయాను."

మార్లాకు గుర్తొచ్చింది. తాగి లారీ నడిపినవాడి తరఫున తనే వాదించింది. రక్తపరీక్ష సీసా మీద తప్పు పేరు. జ్యూరీ వాణ్ణి వదిలేసింది. ఆ సాయంత్రం ఆమె స్నేహితులందరికీ విందు ఇచ్చింది. లారీ కింద పడి పోయిన కుర్రాడు డానీ టీగ్.

"టీగ్ నా మొదటి భర్త ఇంటిపేరు" అంది ఇవా. "మా డానీకి నడక నేర్పి, నాన్నా అని పిలిపించుకున్నది మాత్రం గేథరే."