ముప్ఫై లక్షల ఏళ్లకు ఒక పేరు

ఓట్ల ఫలితం వచ్చేసరికి ఆమె ప్రయోగశాలలో ఒక రాతిపలకను బ్రష్షుతో తుడుస్తోంది. కంప్యూటర్లో వచ్చిన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, మన ఊరి పేరే ఖాయం చేశారు."

"ఆదివారం వస్తానమ్మా," అన్నాడాయన.

మనిషి పుట్టక ముందటి కాలాన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు దశలుగా విడగొడతారు. ఒక కొత్త జీవి మొదటిసారి కనిపించే రాతిపొర దగ్గర గీత గీస్తారు. ఆ పొరలు బాగా కనిపించే చోటి పేరు ఆ దశకు పెడతారు. వాళ్ల ఊరి వెనక కొండచరియలో అలాంటి పొర ఉందని, గోరంత గవ్వను పట్టుకుని ఆమె పదమూడేళ్లు కష్టపడి రుజువు చేసింది. గీత మీద ఎవరూ పేచీ పెట్టలేదు. పేచీ అంతా పేరు దగ్గరే వచ్చింది. పక్కనున్న పట్నం పేరు పెడితే పోలా, అంత చిన్న ఊరు ఎవరికి గుర్తుంటుందని, ఓట్లు వేసి పేర్లు ఖాయం చేసే కమిటీ పెద్దాయన అడిగాడు. గుర్తుండాలనే అడుగుతున్నానని ఆమె అంది.

తండ్రి ఆ ఊళ్లో పోస్ట్‌మాన్‌గా చేసినవాడు. ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తొడుక్కుని, భుజాన సంచీతో వచ్చాడు. ఆ ఉత్తరాన్ని కాగితం మీద తీయించి, కవరులో పెట్టించి, పైన ఊరి పేరు రాయించాడు.

"ఫోన్లో చెబితే ఉత్తరం అందినట్టు కాదమ్మా. ఊరికి చేర్చాలి."

బస్సు దిగి పడవ ఎక్కారు. కొండచరియ దగ్గరపడ్డాక ఆమె చెయ్యి చాపి చూపించింది. కింద బూడిదరంగు గీతకూ పైన ఎర్ర గీతకూ మధ్య ముప్ఫై లక్షల ఏళ్లు. జానెడు రాయి పేరుకోవడానికే పదివేల ఏళ్లు పట్టిందని చెప్పింది. ఆయన తన జానను ఒకసారి చూసుకుని, తలెత్తి కొండచరియ కొసదాకా చూశాడు.

"మా తాత మొదటి పాక వేసిన దగ్గర్నుంచీ లెక్కేసినా మన ఊరి బతుకు తొంభై ఏళ్లు," అన్నాడు. "పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదేనేమో."

ఎవరి గడపలో ఎన్ని ఉత్తరాలు వేశాడో దారంతా చెప్పుకొచ్చాడు. కంసాలి ఇల్లు, బడి, చివర మంత్రసాని ఇల్లు. ఆ మంత్రసాని చేతుల మీదే తన కూతురు పుట్టింది. ఆ ముసలమ్మకు మాత్రం ఒక్క ఉత్తరమూ రాలేదట.

"ఇవాళ ఆవిడకే ముందు చదివి వినిపించాలి," అంటూ పడవవాణ్ణి ఆపమన్నాడు.

ఇంజను ఆగింది. ఆయన లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడదీసి పైకి చదివాడు. కూతురు ఆయన చొక్కా అంచు పట్టుకుని వింది.

ఆనకట్ట కట్టినప్పట్నుంచీ, ఇరవై ఏళ్లుగా ఊరు ఆ నీళ్ల అడుగునే ఉంది.