గూట్లో పుంజు కూయాలి

“పుంజు కూస్తే సరే అంటాను. కూయకపోతే ఈ పెళ్లి మాట మళ్లీ ఎత్తకు.”

ఆ మాట అనేసి కసిల్దా కేథడ్రల్ చర్చిలో బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చుంది.

ఎవేలియోకి సగం ప్రాణం పోయింది. భార్య పోయిన ఐదేళ్లకు ధైర్యం తెచ్చుకుని, తనలాగే ఒంటరిగా మిగిలిన కసిల్దాను అడగడం ఇది మూడోసారి. ఇవాళ మంచి సూటు తొడుక్కుని వచ్చాడు. ముసలివాడిలా కనిపిస్తానని కళ్లజోడు ఇంట్లోనే వదిలేశాడు.

మా ఊరి కేథడ్రల్‌లో గోడకు అంత ఎత్తున, జాలీ వెనక గూట్లో, తెల్లని పుంజూ పెట్టా ఎప్పుడూ ఉంటాయి. వందల ఏళ్ల ఆచారం; ఊరివాళ్లే వంతులవారీగా తెచ్చి పెడతారు. మనం లోపల ఉండగా పుంజు కూత వినబడితే అదృష్టం పట్టినట్టే. ఆ కాస్త కూత కోసం యాత్రికులు వీపున సంచులతో నోరెళ్లబెట్టి నిలబడతారు.

గంట గడిచింది. పైనుంచి చప్పుడు లేదు.

“పొద్దున్నే కూసేసి ఉంటుందిలే,” అన్నాడు ఎవేలియో.

“నాకు వినబడలేదే!”

“నిద్రపోతోందేమో.”

“అది నిద్రపోతే నీకెందుకయ్యా చెమటలు?”

“ఉండు, కొవ్వొత్తి వెలిగించి వస్తా,” అని లేచాడు.

నాలుగో స్తంభం వెనక్కి వెళ్లాడు. అటూ ఇటూ చూశాడు. అరవై నాలుగేళ్ల గొంతంతా కూడదీసుకుని కూశాడు. మొదటి సగం అచ్చం పుంజులాగే ఉంది. రెండో సగం దగ్గులోకి దిగింది.

యాత్రికులు చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. తలుపు కాసే ముసలాయన స్తంభం వెనక్కి తొంగి చూసి, “సిగ్గులేదూ ఎవేలియో, ఈ వయసులో!” అన్నాడు. పెళ్లి కోసమన్నట్టు ఎవేలియో ఉంగరపు వేలు చూపించాడు. ముసలాయన తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

“విన్నావా?” ఎర్రబడ్డ మొహంతో, బొంగురు గొంతుతో వచ్చి అడిగాడు.

“వినకేం! ఎంత బాగా కూసిందో!” కసిల్దా లేచి అతని చెయ్యి పట్టుకుంది. “మాటంటే మాటే. పద, మా అక్కకి చెబుదాం.”

ఎవేలియోకి పట్టరాని సంతోషం కలిగింది. ఇంత అమాయకురాలిని మోసం చేశానే అని కాస్త జాలి కూడా వేసింది.

ఈసారి పుంజు దొరక్క, నిన్న సాయంత్రం తన దొడ్లోంచి రెండు పెట్టల్నే తెచ్చి ఆ గూట్లో పెట్టింది కసిల్దాయే.