బొగ్గుగాడున్న ఇల్లు

"అయ్యో, మేడం చెప్పు! బొగ్గుగాడు చెప్పు పట్టుకపోయిండు!"

తబితా కేక విని ఆమె మొగుడు షాలేమ్‌రాజు చాయ్ గ్లాసులు పొయ్యి గట్టు మీదే వదిలేసి పెరట్లోకి పరుగెత్తాడు. మూడున్నర నెలల నల్ల కుక్కపిల్ల అప్పటికే మందార చెట్టు కింద దూరి, కొత్త తోలు చెప్పు పట్టీని కసకసా నమిలేస్తోంది.

"పక్కింటి భారతమ్మ కాడ కట్టేసి రమ్మంటి గదా!" తబితా పళ్ల బిగువున అంది.

"కట్టేసే వచ్చిన. తాడు కొరికి ఉరికొచ్చిండు."

ఆ చెప్పు సంగీతది. దత్తత కోసం అర్జీ పెట్టుకున్న వాళ్ల ఇళ్లు చూసి రిపోర్టు రాసే ఆఫీసరు ఆమె. పొద్దున్నే కొత్తగూడెం నుంచి బస్సెక్కి ఇల్లందు వచ్చింది. ఆమె రాసే నాలుగు ముక్కల మీదే తబితా ఒళ్లోకి బిడ్డ వచ్చేదీ రానిదీ ఆధారపడి ఉంది.

షాలేమ్‌రాజు కుక్కపిల్ల మీద చెయ్యెత్తలేదు. దాని ముందు మట్టిలోనే చతికిలబడి, ముడి వేసిన తడి గుడ్డ ఒకటి చూపించాడు. బొగ్గుగాడు ఒక క్షణం చెప్పు వంకా గుడ్డ వంకా చూసి, చెప్పు వదిలేసి గుడ్డ అందుకున్నాడు. "శభాష్‌రా" అని షాలేమ్‌రాజు వాడి తల నిమిరాడు. చెప్పు పట్టీ మాత్రం తెగిపోయింది.

పెరటి గుమ్మంలో నిలబడి సంగీత అంతా చూస్తూనే ఉంది.

"కొట్టరా?"

"పళ్లొస్తున్నయ్ మేడం, చిగుళ్లు సలుపుతయ్" అంది తబితా, సిగ్గుతో చచ్చిపోతూ. "కొడితే భయపడ్తడు గనీ, ఎందుకు కొట్టిన్రో వానికేం తెలుస్తది? తప్పు మాదే, చెప్పులు లోపల పెట్టాల్సింది."

"సూదులు ఇప్పిచ్చిన్రా?"

తబితా కుట్టుమిషను సొరుగులోంచి పశువుల దవాఖానా వాళ్లిచ్చిన కార్డు తెచ్చి చూపించింది. "అన్ని తేదీలకు తీస్కపోయినం. రేబీస్‌ది మొన్ననే అయింది. పురుగుల మందు గూడ తాపినం."

"తెచ్చి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు మేడం. లారీల అడ్డా కాడ మురుగు మోరీల దొరికిండు. ఒళ్లంత గజ్జి. బతకడనుకున్నం."

"పగలంతా ఎవరు చూస్తరు?"

"నాది ఇంట్లనే కుట్టుపని. ఈయన బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్. షిఫ్టు దిగంగనే తాడు పట్టుకొని బజారు తిప్పుకొస్తడు. వీడు దొడ్డికి పోతే కాయితంతోని ఎత్తుకొస్తడు. వాడకట్టోళ్లు నవ్వుతరు, అయినా ఎత్తుకొస్తడు."

సంగీత నవ్వలేదు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, కాసేపు ఏదో రాసుకుంది. తర్వాత తలెత్తి అడిగింది.

"రేపు మీకు బిడ్డనిస్తే, ఈ కుక్కనేం చేస్తరు?"

"ఇచ్చేస్తం మేడం" అన్నాడు షాలేమ్‌రాజు వెంటనే. "దమ్మపేటల మా చిన్నాయన తోట ఉంది. ఇయ్యాల్నే ఆడ ఇడిసొస్త." ఆ మాట అంటున్నప్పుడు అతను తబితా మొహం వంక చూడలేకపోయాడు.

తబితా మొగుడి వంక చూసింది. మొగుడి మాటకు తలూపితే చాలు. పదకొండేళ్లుగా ఎదురుచూసిన బిడ్డ. తలూపితే చాలు.

"లేదు మేడం" అంది. "ఎవ్వరికియ్యం."

"తబితా!"

"మీరు ఊకోండి. అబద్ధం చెప్పి బిడ్డను తెచ్చుకుందమా?" ఆమె సంగీత వైపు తిరిగింది. "వాడు రాకముందు ఈ ఇంట్ల అన్నం తినేటప్పుడు గంటె చప్పుడు తప్ప మాట చప్పుడు లేకపోయేది మేడం. ఈయన నవ్వంగ నేను చూసి ఎన్నేండ్లయిందో. వాడొచ్చినంక రోజూ నవ్వుతున్నడు. గంత మేలు చేసినోన్ని, అవసరం తీరిందని ఎట్ల పంపుదు? బిడ్డొస్తే ఇద్దర్నీ ఒక్క నిమిషం గూడ ఒంటరిగ ఇడువను. నడుమ ఇనుప జాలీ తలుపు పెట్టిపిస్తం. ఎట్లన్న కష్టపడ్తం. గనీ వాన్ని మాత్రం ఇడువం."

షాలేమ్‌రాజు తల దించుకున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడని తబితాకు తెలుసు. బిడ్డ కోసమో, బొగ్గుగాడి కోసమో మాత్రం తెలియలేదు.

సంగీత పేజీ తిప్పింది. "ఇంకొక్కటే. చిన్నపిల్లల్ని పెంచిన అనుభవం ఉందా?"

"లేదు మేడం." తబితా ఈసారీ నిజమే చెప్పింది.

పెన్ను కాగితం మీద కదిలింది. అంతా అయిపోయింది అనుకుంది తబితా. అయినా ఎందుకో ఆమెకు కోపం రాలేదు. లోపలికెళ్లి, పండగకు కొనుక్కుని దాచుకున్న తన కొత్త చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

"ఇవి ఏసుకపోండి మేడం, ఎండకు కాళ్లు కాల్తయ్. మా ఇంటి దాక వచ్చి, ఇంతసేపు కూసొని, మా మాటలన్ని ఓపిగ్గ విన్నరు. మీరు ఏం రాసినా సరే, మీకు వందనాలు."

సంగీత ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. రిపోర్టు చేతికిచ్చి, "ఇక్కడ ఇద్దరూ సంతకం పెట్టండి" అంది.

కళ్లల్లో నీళ్లు నిండి తబితాకు అక్షరాలు అలుక్కుపోయాయి. కొంగుతో తుడుచుకుని, సంతకం పెట్టే చోటు కోసం వెతికింది. దానికి సరిగ్గా పైన, 'పిల్లల్ని పెంచిన అనుభవం' అన్న మాటలకు ఎదురుగా సంగీత గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "ఉంది. రెండు నెలలు."