కిన్నెర ముక్కు

…అయినా 'ముందు' ఫొటోలన్నీ ఏడుపు ముఖాలు, 'తర్వాత'వన్నీ పెళ్లిచూపుల నవ్వులు. మెచ్చుకోవాల్సింది డాక్టరునా, ఫొటోగ్రాఫరునా అనుకుంటూ శేషగిరి ముక్కులు సరిచేసే క్లినిక్ ఆల్బం తిప్పుతున్నాడు.

ఆరేళ్ల కూతురు కిన్నెరది చిలకముక్కు. ఆపరేషన్‌కు ముందు అతని పాత ముక్కూ అలా ఉండేది కాదు, భార్య మాలినిదీ అలా లేదు. ఆరేళ్లుగా అపార్ట్‌మెంటులో ప్రతి మగాడి ముక్కునూ అనుమానంగా పరిశీలించాడు. అందరివీ కొన్న ముక్కులే, ఆధారం దొరకలేదు.

"చూసింది చాల్లెండి. ఈయన హస్తవాసి మంచిది," అంది మాలిని.

"నీకెలా తెలుసు?"

అతను పేజీ తిప్పాడు. 'తర్వాత' ఫొటోలో మాలిని నవ్వుతోంది. పక్కనే 'ముందు' ఫొటోలో అవే కళ్లు, కిన్నెర ముక్కు.

"తిట్టేదేదో ఇంటికెళ్లాక తిట్టండి," అంది మెల్లగా.

తిట్టించుకోవాల్సింది తనేనని ఆమెకెలా చెప్పాలో అతనికి తెలియలేదు.

"నాన్నా, కోస్తే నొప్పా?" అంది కిన్నెర.

శేషగిరి కూతురి ఆపరేషన్ టోకెన్‌ను కౌంటర్లో తిరిగిచ్చేశాడు.