ముగ్గు గీత

“అమ్మా, నీ ధ్యాస యాడుంది? నా కాళ్లు చూడు!”

సరస్వతమ్మ చూస్తున్నది అవే. వరండాలో కోడలు కావ్య పోసిన ముగ్గు గీతని ఎడమపక్కన పెట్టుకుని, దాన్ని తొక్కకుండా, శ్రీకాంత్ అడుగుకి అడుగు ఆనించి నడుస్తున్నాడు. నరసరావుపేటలో లెక్కల మాస్టారు. ఎవరికైనా ఏదైనా నేర్పడమంటే ప్రాణం. తనకి ఈత రాకపోయినా తోడల్లుడికి ఫోన్లో ఈత నేర్పాడు. ఇంకొకళ్లు తనకేమైనా చెప్పబోతే మాత్రం అర్జెంటు పని గుర్తొస్తుంది.

సరస్వతమ్మది తండ్రి నుంచి వచ్చిన నరాల జబ్బు. ఆయనకి మొదట ఎడమకాలు పక్కకి పడేది. తర్వాత మనిషే తూలాడు. వాళ్ల ఊరు వెల్దుర్తిలో అందరూ తాగుబోతన్నారు. ఇంట్లోవాళ్లు కాదనలేదు. తాగుబోతు ఇంటికి సంబంధాలొస్తాయి, జబ్బున్న ఇంటికి రావు. పాపం, చుక్క ముట్టకుండానే తాగుబోతుగా పోయాడు.

ఈ గీత వెంట నడక నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయి షాహిస్తా ధైర్యం చెప్పింది. “చేలో బాట మూసుకుపోతే పక్కనించి నడుస్తాం గదమ్మా. రోజూ నడిస్తే అక్కడే కొత్త బాట పడుద్ది. మెదడూ అంతే. ఎంత ముందు మొదలెడితే అంత మంచిది. ఇంట్లో అందరూ చేయొచ్చు సార్.”

“నాకేం రోగం?” అన్నాడు శ్రీకాంత్.

ఆ గీత ఒక్కరోజైనా చివరిదాకా చెదరకుండా ఉండాలి. సరస్వతమ్మ దేవుణ్ణి కోరేది అదొక్కటే.

“ఇప్పుడు నువ్వు నడువు.”

రెండడుగులేసి తూలి, గోడ పట్టుకుంది.

“మళ్లీ తప్పావు!”

“నా బుర్రకెక్కట్లేదురా. ఇంకోసారి నడిచి చూపించు.”

“ఏందమ్మా, మా ఎనిమిదో తరగతోళ్లే నయం!” అంటూనే హుషారుగా నడిచాడు.

“ఇంకొక్కసారి నాయనా.”

“చానా మొద్దువే నువ్వు!” మళ్లీ నడిచాడు.

కావ్య తొంగిచూసింది. “ఏవండీ, ఎడమపక్క ముగ్గంతా చెదిరిందేంది?”

“ఫ్యాన్ గాలికి.”

కరెంటు పోయి గంటైంది.

శ్రీకాంత్ స్కూలుకెళ్లాడు. కావ్య వంటింట్లోకి పోయింది. సరస్వతమ్మ చెదిరినచోటల్లా చిటికెడు ముగ్గు పోసి సరిచేసింది. లేచి, గోడ పట్టుకోకుండా, మెల్లగా గీత చివరిదాకా నడిచింది. వెనక్కి తిరిగి చూసుకుంది. పోసిన ముగ్గు పోసినట్టే ఉంది.

రేపు వాడిచేత ఇంకాస్త ఎక్కువ నడిపించాలి, అనుకుంది.