తూర్పు వైపు గది

“ఒంటరిగా వద్దు నాన్నా. గ్రూప్ టూర్‌కి వెళ్లు,” అంది మధులిక మళ్లీ.

“జెండా పట్టుకున్నవాడి వెనక గొర్రెలా నడవనా?” విజయభాస్కర్ విసుక్కున్నాడు. భార్య పోయాక కూతురు అతన్ని జీపీ డాక్టరు దగ్గరికి కూడా ఒక్కడినే పంపడం లేదు. “అల్జీరియా తీరమంతా నా ఇష్టమొచ్చినట్టు బస్సుల్లో తిరుగుతాను. లేవగానే సముద్రం కనపడాలని ప్రతి ఊళ్లోనూ తూర్పు వైపు గదే బుక్ చేశా.”

మధులిక మ్యాప్ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

“అదేమైనా భీమిలా నాన్నా? అక్కడ సముద్రం ఉత్తరాన ఉంటుంది. నీకు కనపడేది పక్కింటి గోడే!”

భీమిలి వదిలి ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ వచ్చి ఇన్నేళ్లయినా అతనికి సముద్రమంటే తూర్పే. తల కొట్టేసినట్టయింది.

“దిక్కులు తెలియనివాడు దేశాలేం తిరుగుతాడంటావు, అంతేగా? మానేస్తాలే. నీ మాటే నెగ్గింది.”

మధులిక మొదటి హోటల్‌కి ఫోన్ కలిపింది.

“గది మార్చాలి. ఉత్తరం వైపు, సముద్రం బాగా కనపడేది,” అని ఇంగ్లీషులో గట్టిగా అడిగింది. ఎంతమందని అడిగారు కాబోలు, తండ్రి వైపు చూసింది.

“ఒక్కరే,” అంది. “మా నాన్న.”